‘వు’తో మొదలయ్యే మాట చెప్పండి

మంచు పగలగొట్టడానికి మానవజాతి చేసిన ప్రయత్నాల్లో రెండింటిని చరిత్ర తప్పకుండా గుర్తుపెట్టుకోవాలి. మొదటిది 1959లో సోవియట్ యూనియన్ పనిలోకి దింపిన ‘లెనిన్’ అనే ఓడ. అణుశక్తితో నడుస్తూ, గడ్డకట్టిన ఆర్కిటిక్ సముద్రాన్ని చీల్చుకుంటూ పోయేది. రెండోది మొన్న ఉగాదికి బెంగళూరు బెళ్ళందూరులో మా అపార్ట్‌మెంట్ క్లబ్‌హౌస్‌లో తెలుగువాళ్ళ కోసం పెట్టిన ‘ఐస్‌బ్రేకర్’, అంటే ముఖపరిచయం లేనివాళ్ళ మధ్య బిడియం పోగొట్టే ఆటల కార్యక్రమం. దీనికి అణుశక్తి అక్కర్లేకపోయింది. ఒక మైకు, ఒక విజిలు, ఒక కోఆర్డినేటరు గారు సరిపోయారు.

బెంగళూరు సముద్రమట్టానికి 900 మీటర్ల ఎత్తున ఉన్నా ఇక్కడ మంచు పడదు. అక్కడ చేరిన జనమేమో కర్నూలు, నెల్లూరు, ఖమ్మం వాళ్ళు. ఎండాకాలంలో గ్లాసులో వేసిన ఐసుముక్క నోటిదాకా రాని ఊళ్ళు. మరి మా మధ్య ఇంత మంచు ఎలా పేరుకుందంటారా? నాలుగేళ్ళుగా ఒకే లిఫ్టులో ఎక్కి దిగుతూ, ఫోన్లలో తలలు దూర్చి, చాలా శ్రద్ధగా పేర్చుకున్నాం.

ముందు ‘మీ పేరు మొదటి అక్షరంతో మీ గుణం చెప్పండి’ అన్నారు. ఏ తెలుగు సభలోనైనా వెంకట్‌లు అరడజనుకి తగ్గరు. వినయం, వివేకం, విజ్ఞానం మొదటి ముగ్గురూ ఎత్తుకుపోయారు. ‘వె’కి ‘వి’ ఎలా చెల్లుతుందని వెనక వరుసలో రిటైరైన తెలుగు మాస్టారు గొణిగారు గానీ ఎవరూ పట్టించుకోలేదు. నాలుగో ఆయనకి ఇంకేం మిగలక ‘విరక్తి’ అన్నాడు. పక్కనే ఉన్న ఆయన భార్య తల తిప్పి చూసింది. ఆ ఆట అక్కడితో ఆగిపోయింది.

అసలు మాటలతో ఆడుకోవడం మనకి ఒకరు నేర్పాలా? అష్టావధానం పుట్టించిన జాతి మనది. ఎనిమిది మంది పృచ్ఛకులు చుట్టూ కూర్చుని, అవధాని అనే ఒక్క మనిషిని ప్రశ్నలతో పీక్కు తినడాన్ని కళగా మార్చినవాళ్ళం. అందులో నిషిద్ధాక్షరి అని ఒకటుంది. అవధాని ఒక్కో అక్షరమే వేసుకుంటూ పద్యం కడుతుంటే, ఆ తర్వాత ఏ అక్షరం రాబోతోందో పసిగట్టి పృచ్ఛకుడు దాన్ని వద్దంటాడు. ప్రతి సోమవారం మనం మేనేజరుతో ఆడేది ఇదే. చివర్లో పద్యం రాదు, అంతే తేడా. దత్తపదిలో సంబంధం లేని నాలుగు మాటలిచ్చి, అడిగిన విషయం మీద చెప్పే పద్యంలో వాటిని ఇరికించమంటారు. అప్రైజల్ ఫారం నింపినవాళ్ళకి దీన్ని వివరించక్కర్లేదు. ఇక అప్రస్తుత ప్రసంగం చేసే ఆయన పని అడ్డదిడ్డమైన ప్రశ్నలతో అవధాని ఏకాగ్రత చెడగొట్టడం. అవధానంలో ఈ పదవి ఒక్కరికే ఇస్తారు. మన మీటింగుల్లో అందరికీ ఉంది.

ఇంత వైభవం ఉన్న జాతికి కోఆర్డినేటరు గారు ఇచ్చిన రెండో ఆట, పదాల గొలుసు. ఒకరు చెప్పిన మాట ఏ అక్షరంతో ముగిస్తే రెండోవారు ఆ అక్షరంతోనే, గుణింతంతో సహా, ఇంకో మాట అందుకోవాలి. చిన్నపిల్లలాట అనుకున్నాం. తెలుగు మాటలన్నీ అచ్చులతో ముగుస్తాయి, వినడానికి తీయగా ఉంటాయి అని మురిసిపోతాం గానీ, ఆ తీపి ఈ ఆటలో ఉచ్చు. మగవాళ్ళంతా ‘డు’, బహువచనాలన్నీ ‘లు’. మిగిలినవాటికి కాచుకుని కూర్చున్నది ‘వు’.

ఆట ఇలా నడిచింది: డబ్బు, బుద్ధి, ధిక్కారం, రంగు, గురువు.

అయిదు మాటలు. ఆగిపోయింది. ఆవిడ మైకులో "‘వు’... కమాన్, ‘వు’!" అంటున్నారు. అందరూ నేల చూపులు చూస్తున్నారు. మాస్టారు నింపాదిగా లేచారు.

"రాదమ్మా. ‘వు’తో తెలుగు మాట మొదలవదు. చిన్నయసూరి బాలవ్యాకరణంలో 1858లోనే చెప్పేశాడు. వు, వూ, వొ, వో... ఈ నాలుగూ తెలుగు మాటలకి మొదట లేవు."

తీర్పు వచ్చి 160 ఏళ్ళు దాటింది. అయినా వెనక నుంచి ఒక కుర్రాడు అప్పీలు వేశాడు.

"వుల్లిపాయ, మాస్టారూ!"

"అది ఉల్లి, బాబూ."

"మా అమ్మ సరుకుల చీటీలో వుల్లి అనే రాస్తుందండీ."

మాస్టారు ఇరుకున పడ్డారు. చిన్నయసూరిని ఒప్పుకుంటే ఎదుటివాడి తల్లిని కాదనాలి. ఈలోగా కర్నూలాయన లేచాడు. "ఉల్లీ కాదు, వుల్లీ కాదు సార్. ఎర్రగడ్డ. మా మార్కెట్లో లారీలకు లారీలు దిగేది అదే."

"ఎర్రగడ్డంటే హైదరాబాదులో మెట్రో స్టేషనండీ" అంది ఖమ్మం ఆవిడ. "ఇది ఉల్లిగడ్డ."

తాడేపల్లిగూడెం ఆయన పేరు జోలికి పోలేదు. సరుకు తమ మార్కెట్‌దైతే చాలు, ఎలా పిలిచినా పర్లేదన్నాడు. కర్నూలాయన కుర్చీ ఇటు తిప్పుకున్నాడు. ఇక్కడే పుట్టిన ఏడేళ్ళ పాప ఒకతె "ఈరుళ్ళి" అంది, స్కూల్లో కన్నడ టీచరు మెచ్చుకునేంత స్పష్టంగా. ఇంకెవరో బెంగళూరు గులాబీ ఉల్లి సంగతి ఎత్తారు. మన చుట్టుపక్కలే పండుతుంది, ఈ ప్రాంతపు సరుకేనని గుర్తింపునిచ్చే జీఐ ట్యాగ్ కూడా ఉంది, ఎక్కువభాగం విదేశాలకే పోతుంది, మనం మాత్రం యాప్‌లో కనిపించిందేదో తెప్పించుకుంటాం అని. అంతే, ఏ యాప్‌లో ఎంత, మడివాళ మార్కెట్లో ఎంత అని హాలంతా ఒక్కటే గోల. నాలుగేళ్ళుగా నా ఎదురు ఫ్లాట్‌లో ఉన్న మనిషి నెల్లూరాయనని నాకు ఆ నిమిషంలో తెలిసింది. ఆయనా ఎర్రగడ్డ పక్షమే.

కోఆర్డినేటరు గారు గట్టిగా విజిలేశారు. "ప్లీజ్, అందరూ సైలెంట్‌గా ఉండండి! ఐస్‌బ్రేకర్ ఇంకా అవలేదు."

అందరం బుద్ధిగా కూర్చున్నాం. చేతులు జేబుల్లోని ఫోన్ల దగ్గరికి పోయాయి. ఆవిడ రాజీ మార్గంగా ఎర్రగడ్డకి మార్కులిచ్చి ఆట కొనసాగించమన్నారు. ఎర్రగడ్డ చివర ‘డ’. మూడో వరసలోంచి ఎవరో నీరసంగా "డబ్బు" అన్నారు. ఊరు బెంగళూరు కదా, గొలుసు తిరిగి తిరిగి బయల్దేరిన చోటికే వచ్చింది.

ఈ అనుభవం దృష్ట్యా అపార్ట్‌మెంట్ సంఘాలకీ, ఆఫీసుల హెచ్‌ఆర్ విభాగాలకీ ఒక విన్నపం. ఆటని రద్దు చేసి, ఆట నియమాల మీద తగువు ఒక్కటే కార్యక్రమంలో ఉంచండి. దానికి అరగంట కేటాయించండి. తగువు చల్లబడుతుంటే ఎగదోయడానికి ప్రతి బ్లాకు నుంచీ ఒక మాస్టారిని నామినేట్ చేయండి. ఖర్చు తక్కువ, విజిలు కూడా అక్కర్లేదు.

తర్వాతి శనివారం కర్నూలాయన ఊరి నుంచి ఒక బస్తా తెప్పించాడు. ఎవరికెన్ని కేజీలో రాసుకోమని సెక్యూరిటీ దగ్గర కాగితం పెట్టాడు. పైన ‘ఎర్రగడ్డలు’ అని ఉంది. మధ్యాహ్నానికి దాని పక్కన ఎవరో ‘ఉల్లిగడ్డలు’ అని చేర్చారు. దాని కింద ‘వుల్లిపాయలు’ వచ్చింది. సాయంత్రం నేను రెండు కేజీలు రాద్దామని వెళ్ళేసరికి ఆ ‘వు’ని ఎర్రపెన్నుతో కొట్టేసి, మీద గుండ్రటి చేతిరాతతో ‘ఉ’ దిద్ది ఉంది.