రాజ్-కోటి పాటలకు ఇప్పుడు వాటాలు వేయకండి

సంగీత దర్శకుల జంట రాజ్-కోటి చేసిన 'హలో బ్రదర్' సినిమా పాట ఎవరు పోస్ట్ చేసినా కాసేపటికి కింద ఒక ప్రశ్న తప్పకుండా వస్తుంది. "ఇంతకీ ఆ ట్యూన్ ఎవరిది? రాజ్‌దా, కోటిదా?" ఇక మొదలు. "మెలోడీలన్నీ రాజ్‌వే, కోటివి మాస్ బీట్లు" అని ఒకరంటారు. "విడిపోయాక హిట్లు ఎవరికొచ్చాయో చూడండి, దాన్నిబట్టే తెలియడంలేదా" అని ఇంకొకరు. అన్నదమ్ముల ఆస్తి పంపకాలకు వచ్చిన పెద్దమనుషుల్లా పాటలను చెరో పక్కకి నెడుతూ పోతారు. వీళ్లలో ఎవరూ ఆ కంపోజింగ్ సిట్టింగుల్లో కూర్చోలేదు. నేనూ కూర్చోలేదు. అందుకే ఈ వాటాలు వేసే పని మనకు తగదని అంటున్నాను. అది రాజ్ గారికి బతికుండగా అన్యాయం చేసింది, పోయాక కూడా చేస్తూనే ఉంది.

తెలియనివాళ్ల కోసం కొంచెం వెనక్కి వెళ్తాను. రాజ్ అంటే తోటకూర సోమరాజు, 'పాండురంగ మహత్యం'కు సంగీతం ఇచ్చిన టి.వి. రాజు గారబ్బాయి. కోటి అంటే సాలూరి కోటేశ్వరరావు, 'మల్లీశ్వరి', 'మిస్సమ్మ' చేసిన సాలూరి రాజేశ్వరరావు గారబ్బాయి. ఇద్దరూ సంగీత దర్శకుడు చక్రవర్తి గారి దగ్గర సహాయకులుగా పనిచేసి, 1983లో 'ప్రళయ గర్జన'తో జంటగా బయటికొచ్చారు. పెద్ద ఇళ్లలో పుట్టిన పిల్లలు కదా అని ఎవరూ పళ్లెంలో పెట్టి సినిమాలు ఇవ్వలేదు. అప్పటికి చక్రవర్తి గారు ఊపిరి సలపకుండా సినిమాలు చేస్తున్నారు, ఇంకోపక్క ఇళయరాజా గారు తెలుగులోకి పూర్తిగా వచ్చేశారు. ఆ ఇద్దరి మధ్య చోటు చేసుకోవడం మాటలు కాదు. 1988లో 'యముడికి మొగుడు', 'ఖైదీ నెం. 786' వచ్చేసరికి వాళ్ల పేరు పోస్టర్ మీద కనబడితే ఆడియో క్యాసెట్ కొనేవాళ్లు తయారయ్యారు. ఆ తర్వాత 'లంకేశ్వరుడు', 'కొదమసింహం', 'ముఠామేస్త్రి', 'గోవిందా గోవిందా', 'హలో బ్రదర్'. చివరిదానికి నంది అవార్డు కూడా అందుకున్నారు. వాళ్ల దగ్గర కీబోర్డు వాయించిన దిలీప్ అనే కుర్రాడు తర్వాత ఎ.ఆర్. రెహమాన్ అయ్యాడు. మణిశర్మ గారు కూడా వాళ్ల దగ్గర పనిచేసినవారే. ఆ తర్వాత తెలుగు పాట ఎటు నడిచిందో తెలియాలంటే ఆ గదిలో ఎవరెవరున్నారో చూస్తే చాలు.

సరే, ట్యూన్ ఎవరిది అన్న ప్రశ్నకు వద్దాం. ఆ ప్రశ్న వేసేవాళ్లు పాటంటే పల్లవి వరస ఒక్కటే అనుకుంటున్నారు. ఆ రోజుల్లో పాట తయారయ్యే పద్ధతి గుర్తు చేసుకోండి. ముందు దర్శకుడితో సిట్టింగ్. అక్కడ హార్మోనియం మీదో కీబోర్డు మీదో నాలుగైదు వరసలు వినిపిస్తారు. ఒకటి ఓకే అయితే వేటూరి గారో, సిరివెన్నెల గారో, భువనచంద్ర గారో ఆ వరసకు మాట పెడతారు. తర్వాత అసలు కష్టం మొదలవుతుంది. పల్లవికి ముందు వచ్చే మ్యూజిక్ ఏమిటి, పల్లవికి చరణానికి మధ్య బిట్లు ఏమిటి, వయొలిన్లు ఎక్కడ ఎత్తుకోవాలి, తబలా ఎక్కడ ఆగాలి, అక్కడ డ్రమ్స్ ఎలా పడాలి, ఫ్లూట్ ఎవరితో వాయించాలి. ఇవన్నీ నొటేషన్ రాసి, వాద్యకారులందరినీ ఒకచోట కూర్చోబెట్టి, ఒక పూట కాల్షీట్‌లో రికార్డ్ చేయాలి. దాని తర్వాత రీరికార్డింగ్, అంటే సన్నివేశాలకు నేపథ్య సంగీతం, అది రీలు రీలుకీ వేరే లోకం. ఇదంతా ఏటా అన్నేసి సినిమాలకు చేయాలి. ఒకరు సిట్టింగులో ఉంటే ఇంకొకరు రికార్డింగ్ థియేటర్లో ఉండాల్సి వచ్చేంత పని.

ఇప్పుడు చెప్పండి, 'యముడికి మొగుడు'లో 'అందం హిందోళం' ఎవరిది? పల్లవి ఎత్తుగడ ఒకరి నోట్లోంచి వచ్చి ఉండొచ్చు. ఆ రిథమ్ ఇంకొకరిది అయి ఉండొచ్చు. ఆ రిథమ్ లేకపోతే ఆ పల్లవి మీకు గుర్తుండేదా? బాలు గారు, జానకి గారు పాడకపోతే? వేటూరి గారు ఆ మాట వేయకపోతే? పక్కవాడు "ఈ స్వరం బాలేదురా, మార్చు" అనడం కూడా కంపోజింగే. ఆ మాట అన్నవాడి పేరు ఏ నొటేషన్ కాగితం మీదా ఉండదు. అందుకే వాళ్లు రెండు పేర్లూ కలిపి సినిమా టైటిల్స్‌లో ఒక్క కార్డు వేసుకున్నారు. వాళ్లే ఒక్కటిగా వేసుకున్న కార్డును ముప్పై ఏళ్ల తర్వాత మనం చింపడం ఏం న్యాయం?

1994 దాటాక విడిపోయారు. ఎందుకో వాళ్లకు తెలుసు. మధ్యలో ఎవరెవరి మాటలో పనిచేశాయని రకరకాలుగా చెప్తారు, అవన్నీ ఇక్కడ రాయను. నా బాధ విడిపోయారని కూడా కాదు. అన్నేళ్లు రోజూ కలిసి పనిచేసినవాళ్లు ఒకరోజు చాలనుకుంటే, ఆ హక్కు వాళ్లకుంది. నాకు కోపం తెప్పించేది ఆ తర్వాత మనం పెట్టుకున్న స్కోర్‌బోర్డు.

కోటి గారు వెంటనే 'పెదరాయుడు' కొట్టారు. తర్వాత 'హిట్లర్', 2000లో 'నువ్వే కావాలి', ఆ మరుసటి ఏడాది 'నువ్వు నాకు నచ్చావ్', 2009లో 'అరుంధతి'. ఆయన నిలబడ్డారు, ఆయన కష్టానికి చేతులెత్తి దణ్ణం పెడతాను. 'నువ్వే కావాలి' పాటలు లేకుండా మా తరం కాలేజీ రోజులు లేవు. రాజ్ గారు అదే 1995లో ఒంటరిగా 'సిసింద్రీ' చేశారు. ఆ పాటలు ఇవాళ వినండి. పసిపిల్లాడి చుట్టూ తిరిగే కథకు ఎంత అల్లరి, ఎంత తీపి కావాలో అంతా అందులో ఉంది. కానీ ఆ తర్వాత ఆయన చేసిన సినిమాలు తగ్గాయి. దాంతో మన తీర్పు తయారు: "అంటే జంటలో అసలు మనిషి కోటీ అన్నమాట." ఇలా రాసేవాళ్లకు సినిమా ఎలా నడుస్తుందో ఏమైనా తెలుసా? సంగీత దర్శకుడికి సినిమా రావాలంటే ప్రతిభ ఒక్కటే చాలదు. నిర్మాతలతో పరిచయాలు, వెంటపడి పని తెచ్చుకునే స్వభావం, హీరో మాట, చేసిన సినిమా ఆడటం అన్నీ కావాలి. సినిమా ఫ్లాపయితే పాట ఎంత మంచిదైనా క్యాసెట్ షాపులోనే చచ్చిపోతుంది. పైగా ఆ కాలం చూడండి. కీరవాణి గారు నిండుగా ఉన్నారు, రెహమాన్ డబ్బింగ్ పాటలు ఊళ్లను ఊపేస్తున్నాయి, మణిశర్మ గారు దూసుకొస్తున్నారు. పరిశ్రమ మద్రాసు వదిలి హైదరాబాద్‌కు తరలిపోతోంది. అలాంటి సమయంలో జంట పేరు పోగొట్టుకున్న మనిషి మళ్లీ సున్నా నుంచి మొదలుపెట్టాలి. ఆయనకు సినిమాలు తగ్గడానికీ, 'ముఠామేస్త్రి'లో ఆయన వాటా ఎంత అన్నదానికీ సంబంధమే లేదు.

ఇంకో విషయం. కోటి గారు టీవీ పాటల పోటీల్లో జడ్జిగా కూర్చుంటారు, కొత్త పిల్లలకు ఆయన ముఖం తెలుసు. రాజ్ గారి ముఖం వాళ్లకు తెలియదు. అందువల్ల జంటగా చేసిన పాటలు కూడా "కోటి గారి పాట" అయిపోతున్నాయి. ఇందులో కోటి గారి తప్పేమీ లేదు, రాసే మనమే అలసత్వంగా రాస్తున్నాం. 2023 మే 21న రాజ్ గారు హైదరాబాద్‌లో గుండెపోటుతో కన్నుమూశారు. ఆ రోజు నా టైమ్‌లైన్ అంతా ఆయన పాటలే. అంతకుముందు రోజు దాకా "ఆయన కోటి పక్కన ఉండేవాడంతే" అని రాసిన వాళ్లు కూడా "లెజెండ్" అని ఫొటో పెట్టారు. ఆ మాట ఆయన ఉండగా ఆయన చూసేలా రాసి ఉంటే ఎంత బాగుండేది! ఆ రోజు కోటి గారి గొంతు విన్నవాళ్లకు తెలుసు, వాళ్లిద్దరి మధ్య మిగిలింది పగ కాదని. వాళ్ల దగ్గర లేని పగ మన దగ్గర ఎందుకు ఉండాలి?

ఈ జబ్బు రాజ్-కోటిల దగ్గర మొదలవలేదు. హైదరాబాద్‌లో పెరిగి బొంబాయి వెళ్లిన హిందీ సంగీత దర్శకుడు శంకర్ గారికి కూడా ఇదే జరిగింది. 1971లో తన జోడీ జైకిషన్ చనిపోయాక కూడా శంకర్ గారు శంకర్-జైకిషన్ అనే జంట పేరుతోనే పనిచేశారు. ఆ తర్వాత సినిమాలు ఆడకపోయేసరికి, మంచి పాటలన్నీ జైకిషన్‌వే అనేశారు. తోడు పోయిన మనిషితో ఆ మాట అనడానికి నోరెలా వస్తుందో నాకు అర్థం కాదు.

మన కళ్ల ముందు జరిగినదాంట్లో ఇళయరాజా గారు, బాలు గారి విషయం ఇంకా బాధాకరం. 2017 మార్చిలో బాలు గారు యాభై ఏళ్ల పాటల యాత్రలో భాగంగా అమెరికాలో ఉన్నప్పుడు, అనుమతి లేకుండా తన పాటలు వేదికల మీద పాడొద్దని రాజా గారి వైపు నుంచి లీగల్ నోటీసు వెళ్లింది. బాలు గారు ఫేస్‌బుక్‌లో రాసింది గుర్తుందా? తనకు ఈ చట్టం సంగతి తెలియదని, చట్టమైతే పాటిస్తానని, ఇకపై ఆ పాటలు పాడలేనని రాశారు. దీనిమీద పరుషంగా చర్చలు చేయొద్దని కూడా మనల్ని కోరారు. మనం చేసింది సరిగ్గా అదే. రాజా గారిని డబ్బు మనిషి అన్నారు, కులం పేరెత్తి తిట్టినవాళ్లనూ చూశాను. ఇటువైపు నుంచి బాలు గారిని "ఇంకొకరి సొమ్ము తినేవాడు" అన్నారు. అంతలేసి మాటలు అనడానికి మనమెవరం?

అందులో నిజంగా మాట్లాడాల్సిన విషయం ఒకటుంది. 1957 కాపీరైట్ చట్టానికి 2012లో చేసిన సవరణతో, సినిమా పాట రాసినవాళ్లకూ స్వరపరిచినవాళ్లకూ రాయల్టీలో వాటా హక్కు గట్టిపడింది. దశాబ్దాల పాటు మన రచయితలు, సంగీత దర్శకులు ఒక్కసారి ఇచ్చే పారితోషికంతో సరిపెట్టుకున్నారు. వాళ్ల పాటతో ఇంకెవరో డబ్బు చేసుకుంటుంటే చూస్తూ ఊరుకున్నారు. ఆ హక్కు కోసం ఒక పెద్దాయన నిలబడితే తప్పేమిటి? అదే సమయంలో, టికెట్లు పెట్టి షో నడిపే నిర్వాహకుడు తీసుకోవాల్సిన అనుమతికి యాభై ఏళ్ల స్నేహితుడి పేరు మీద నోటీసు పంపడం నొప్పి కలిగించే పనే. ఈ రెండూ నిజమే. కానీ ఆ రోజుల్లో రెండూ కలిపి చెప్పినవాడిని రెండు పక్షాలూ కొట్టాయి.

'సాగర సంగమం', 'రుద్రవీణ' రెండింటికీ రాజా గారికి సంగీతానికి జాతీయ అవార్డు వచ్చింది. అదే రెండు సినిమాలకు బాలు గారికి గానానికి జాతీయ అవార్డు వచ్చింది. రెండూ తెలుగు సినిమాలే. ఇందులో ఒకరిని తీసేసి ఇంకొకరిని ఎలా పొగుడుతారు? 2019 జూన్ 2న చెన్నై వేదిక మీద ఇద్దరూ మళ్లీ కలిశారు. 2020 ఆగస్టులో బాలు గారు ఆసుపత్రిలో ఉంటే, త్వరగా లేచి రమ్మని, నీకోసం ఎదురుచూస్తున్నానని రాజా గారు వీడియో పెట్టారు. సెప్టెంబర్ 25న బాలు గారు వెళ్లిపోయారు. ఇప్పటికీ 2017 నాటి నోటీసు స్క్రీన్‌షాట్లు తీసి తిట్టుకునేవాళ్లున్నారు. 2025 మార్చిలో ఎనభై దాటిన ఆ మనిషి లండన్‌లో తన సింఫనీ వినిపించినప్పుడు కూడా కింద అవే తిట్లు. ఆ సింఫనీ విన్నారా అంటే వినలేదు.

సూపర్‌స్టార్ కృష్ణ గారికీ బాలు గారికీ తేడా వచ్చినప్పుడు ఈ ఫేస్‌బుక్‌లు, స్క్రీన్‌షాట్లు ఏవీ లేవు. కొన్నాళ్లు కృష్ణ గారికి బాలు గారు పాడలేదు. 1986లో 'సింహాసనం'లో రాజ్ సీతారాం గారు పాడారు. తర్వాత మళ్లీ కలిసిపోయారు, పాటలు పాడుకున్నారు. అప్పుడు కూడా అభిమానులు అరుగుల మీద గొడవ పడే ఉంటారు. కానీ ఆ మాటలు తెల్లారేసరికి గాలికి పోయేవి. ఇప్పుడు మనం రాసినవి పోవు. ఆ మనుషుల పిల్లలు, మనవలు ఫోన్ తెరిస్తే కనబడతాయి.

"అభిమాని అన్నాక పక్షం ఉండదా?" అంటారు. ఉంటుంది, ఉండాలి. 'నువ్వు నాకు నచ్చావ్' మీకు ప్రాణమైతే కోటి గారి గురించి పది పేజీలు రాయండి, నేనే షేర్ చేస్తాను. దానికి రాజ్ గారిని తగ్గించాల్సిన పనిలేదు. 1983 నుంచి 'హలో బ్రదర్' దాకా వచ్చిన ఏ పాట పెట్టినా రెండు పేర్లూ రాయండి. 'సిసింద్రీ' పెడితే రాజ్ గారి పేరు రాయండి, ఆయన ఒక్కడే చేసిన సినిమా అది. కామెంట్లలో ఎవరైనా ట్యూన్ ఎవరిదని అడిగితే "రాజ్-కోటిలది" అని చెప్పి వదిలేయండి.