జడ్జిగారి మీద జడ్జిగారి తీర్పు

అమెరికాలో దోపిడీ, హత్యల కేసులో మరణశిక్ష పడ్డ ఇటాలియన్ వలసదారులు సాకో, వాంజెట్టి పేర్లెత్తితే చాలు, గొంతు సవరించుకునే పెద్దమనిషి ఒకరు తప్పకుండా తగులుతారు. "1961లో పరీక్ష చేశారుగా, తూటా సాకో పిస్తోలుదేనని తేలిందిగా, ఇంకా అన్యాయమేంటండీ?" అంటారు. నిజమే మరి. 40 ఏళ్ల తర్వాత జరగబోయే పరీక్ష 1921లోనే మసాచుసెట్స్ జ్యూరీ కళ్లకు కట్టి ఉంటుంది. దివ్యదృష్టి! (ఆ తూటా వాంజెట్టిదని ప్రాసిక్యూషన్ కూడా అనలేదు. కరెంటు కుర్చీ మాత్రం ఇద్దరికీ వేశారు.)

కేసేమో సౌత్ బ్రెయిన్‌ట్రీలో చెప్పుల ఫ్యాక్టరీ జీతాల డబ్బు దోచి ఇద్దరిని చంపారని. ప్రాసిక్యూటర్ కాట్జ్‌మన్ సాకోని అడిగిందేమో, 1917 మే ఆఖరి వారంలో నువ్వు ఈ దేశాన్ని ప్రేమించావా అని! సైన్యంలోకి లాగుతారని మెక్సికో పోయిన అనార్కిస్టు (ప్రభుత్వమే వద్దనే మనిషి) కదా, ప్రేమ లెక్క తేలకుండా హత్య ఎలా తేలుతుంది?

ఇక ఈ కేసు విచారించిన జడ్జి థేయర్. "ఆ అనార్కిస్టు బాస్టర్డ్స్‌ని నేనేం చేశానో చూశావా?" అని ఆయన తనతో అన్నారని డార్ట్‌మత్ ప్రొఫెసరొకరు చెప్పారు. జడ్జిగారికి పక్షపాతం ఉంది, కేసు మళ్లీ విచారించండి మహాప్రభో అని 1927 ఆగస్టులో డిఫెన్స్ మొరపెట్టుకుంది. ఆ పిటిషన్ ఎవరి ముందుకొచ్చింది? థేయర్ గారి ముందుకే. ఆయన తన అంతరంగాన్ని బోనెక్కించి, ప్రమాణం చేయించి, "ఏమోయ్, నీకు పక్షపాతం ఉందా?" అని గద్దించి ఉంటారు. "లేదు యువరానర్" అంది అంతరంగం. క్రాస్ ఎగ్జామినేషన్ ఎందుకు, తెలిసిన మనిషే కదా. పిటిషన్ కొట్టేశారు.

గవర్నర్ వేసిన, హార్వర్డ్ అధ్యక్షుడు లోవెల్ ఉన్న కమిటీ కూడా తూకం వేసింది. జడ్జి బయట నోరుజారడం మర్యాద తప్పడమేనట, విచారణ మాత్రం సక్రమమేనట. ఆగస్టు 23న ఇద్దర్నీ చంపేశారు.

అంతకుముందే, 1920లో, ఇదే థేయర్ ప్లిమత్‌లో వాంజెట్టి మీద ఇంకో దోపిడీ ప్రయత్నం కేసు విచారించాడు. ఆ నేరం జరిగిన రోజున, అంటే 1919 క్రిస్మస్ ముందురోజు, వాంజెట్టి ఇంటింటికీ తిరిగి ఈల్ చేపలు అమ్మాడని, తామే కొన్నామని, ఇటాలియన్ ఇరుగుపొరుగు వరసగా వచ్చి చెప్పారు. దుబాసీని పెట్టుకుని మరీ చెప్పారు. ఒక్కరి మాటా చెల్లలేదు. పండక్కి చేప కొన్నవాళ్లకి చేప కొన్న రోజు కూడా గుర్తుండదా? అదే మాట అమెరికాలో పుట్టిన నలుగురు ఇంగ్లీషులో చెప్పుంటే, ఆ జ్యూరీ ఎవర్ని నమ్మేదో చెప్పండి!