అందరిదీ కలిపి 110 ఏళ్ళు

మా బావ దగ్గర ఒక పుస్తకం ఉంది. నున్నటి అట్ట, మీగడ రంగు కాగితం, ముప్ఫై రెండు పేజీలు. శుభలేఖ కన్నా ఖరీదుగా ఉంటుంది. వ్యాపార తగాదాలు తప్ప వేరే కేసు ముట్టుకోమని చెప్పుకునే హైదరాబాదు లాయర్ల సంస్థ ఒకటి దాన్ని అచ్చు వేసింది. అందులో వాళ్ళ లాయర్ల జీవిత విశేషాలు, నైపుణ్యాలు ఉన్నాయి. ఈ మధ్య నేను దాన్ని రోజూ పారాయణం చేస్తున్నాను. మూడో పేజీలో ఒక వాక్యం నన్ను నిద్ర పోనివ్వడం లేదు.

"వాణిజ్య వ్యాజ్యాలలో మా బృందానికి ఉమ్మడిగా 110 సంవత్సరాల అనుభవం ఉంది."

ఉమ్మడిగా! అనుభవాన్ని ఇలా కూడవచ్చని మనకు ఇన్నాళ్ళూ ఎవరూ చెప్పలేదు. నెల్లూరు మూలాపేటలో మా వీధి అరుగు మీద సాయంత్రం పూట ఎనిమిది మంది పెద్దలు కూర్చుంటారు. ఒక్కొక్కరికి ఇంచుమించు డెబ్బై అయిదేళ్ళు. ఉమ్మడిగా 600 సంవత్సరాలు. కృష్ణదేవరాయలు గజపతుల నుంచి మన ఉదయగిరి కోటను పట్టుకున్నది 1514లో. అంటే ఆయన వచ్చేటప్పటికే మా అరుగుకు దాదాపు తొంభై ఏళ్ళ అనుభవం. అయినా ఆ ఎనిమిది మందీ కలిసి నిరుడు వీధి చివర మురిక్కాలవ మీద ఒక బండ వేయించలేకపోయారు. నాలుగు సాయంత్రాలు చర్చించారు, నేనే సాక్షి.

పుస్తకం మొదటి పేజీ కూడా చూడదగ్గదే. "ఇది ప్రకటన కాదు. కేసులు ఇమ్మని అడగడం కాదు. పాఠకుడు తనంతట తాను కోరి ఈ సమాచారం చదువుతున్నాడు" అని చిన్నక్షరాల్లో ఉంటుంది. మా బావ ఏమీ కోరలేదు. కొరియర్ కుర్రాడు మిట్టమధ్యాహ్నం గేటు కొట్టి సంతకం పెట్టించుకుని ఇచ్చిపోయాడు. ఆత్మకూరు బస్టాండు దగ్గర చెయ్యి పట్టుకుని లోపలికి లాక్కెళ్ళి, ఆకు వేసి, చేపల పులుసు వడ్డించి, "మేము పిలవలేదు సామీ, తమరే ఆకలై వచ్చారు" అనే హోటల్ ఇంకా తెరవలేదు. తెరిస్తే ఆ చిన్నక్షరాలు వీళ్ళ దగ్గరే రాయించుకోవచ్చు.

ఆ అక్షరాల వెనక ఒక కారణం ఉంది. ప్లీడరు బోర్డు ఓ మోస్తరు సైజులోనే ఉండాలి, ఫలానా రకం పనిలో నిపుణుణ్ణని దాని మీద రాసుకోకూడదు అని బార్ కౌన్సిల్ ఆఫ్ ఇండియా 36వ రూలు చెబుతుంది. 2008లో దాన్ని కాస్త సడలించి, వెబ్‌సైటు పెట్టుకోవచ్చు, అందులో పేరు, చిరునామా, ఎన్‌రోల్‌మెంట్ నంబరు, చదువు, ఏ రకం కేసులు చూస్తారు, ఇంతవరకు రాసుకోవచ్చు అన్నారు. మన వాళ్ళు సందు దొరికిన ఎలుకల్లా దూరారు. వెబ్‌సైటు పేజీలనే మీగడ రంగు కాగితం మీద అచ్చు వేసి కొరియర్‌లో పంపితే అది సమాచారం. మా ఊరి ప్లీడరు గారు బోర్డు మీద 'చెక్కు కేసులు చూడబడును' అని రాయిస్తే మాత్రం అది నేరం.

ఇక ఫొటోలు. ప్రతి లాయరూ చేతులు కట్టుకుని నిలబడి ఉన్నాడు. వెనక ఎర్ర అట్టల లా పుస్తకాలు. పదకొండు మంది, ఇరవై రెండు చేతులు, అన్నీ కట్టుకునే ఉన్నాయి. తెలుగులో చేతులు కట్టుకుని నిలబడటం అంటే ఏమిటో మనకు తెలుసు. అప్పుడే మాకు అర్థం కావాల్సింది.

ఫొటో పక్కన నైపుణ్యాల జాబితా. కాంట్రాక్టులు, ఆర్బిట్రేషన్, బ్యాంకింగ్, వాటాదారుల తగాదాలు, వసూళ్ళు, ఐపీ. ఈ చివరి మాట దగ్గర మా బావ ఆగిపోయాడు. ముఖం పాలిపోయింది.

"అబ్బయా, వీళ్ళు ఐపీలో స్పెషలిస్టులంటరా. పెట్టించేవాళ్ళా, ఆపేవాళ్ళా?"

ఆ ఐపీ వేరు బావా, కొత్త మందు కనిపెడితే, కొత్త పేరు పెట్టుకుంటే దాన్ని వేరేవాళ్ళు దొంగిలించకుండా కాపాడే ఐపీ అది అని చెప్పాను. ఆయన నమ్మలేదు. నమ్మడు. ఒంగోలు నుంచి నెల్లూరు దాకా ఐపీ అంటే ఒకటే అర్థం. ఊరంతా అప్పు చేసి, ఒక తెల్లవారుజామున ఇంటికి తాళం వేసి, కోర్టులో దివాలా పిటిషన్ పడేయడం. పొగాకు, గ్రానైట్, రొయ్య, చీటీలు, ఏ వ్యాపారమైనా చివరి స్టేషను అదే. పసిపిల్లలకు కూడా తెలిసిన మాట. 110 ఏళ్ళ అనుభవానికి మాత్రం తెలియదు. సరిగ్గా అక్కడే మునిగాం.

సంగతి ఇదీ. మా బావకు ఇందుకూరుపేట వైపు రొయ్యల గుంటలు ఉన్నాయి. ఉండేవి. నాలుగేళ్ళ కిందట ఒక కొనుగోలుదారు అయిదు టన్నులు పట్టుకుపోయాడు. ముప్ఫై కౌంటు, అంటే కిలోకు ముప్ఫై రొయ్యలు, కిలో 360 రూపాయలు, మొత్తం 18 లక్షలు. చెక్కు ఇచ్చాడు. చెక్కు బ్యాంకుకు వెళ్ళి, వెళ్ళిన దారినే తిరిగొచ్చింది.

మా ఊరి ప్లీడరు గారి దగ్గర ఒక గుమాస్తా ఉన్నాడు. చెక్కు తిరిగొచ్చిందన్న కబురు అందిన 30 రోజుల్లో నోటీసు, నోటీసు చేరాక 15 రోజులు గడువు, అది దాటితే నెలలోపు కంప్లైంటు, ఇవన్నీ వేళ్ళ మీద లెక్కపెట్టి చెప్పాడు. చెప్పి గొంతు తగ్గించి, "అన్నా, అది క్రిమినల్ కేసు, దాని దారి దానిది. ముందు దావా వేసి అటాచ్‌మెంటు అడగండి, ఆయన ఆస్తి చేతులు మారకుండా కోర్టు పట్టి ఉంచుతుంది. ఆయన మాగుంట లేఅవుట్‌లో ఇల్లు బామ్మర్ది పేరున రాస్తా ఉండాడంట. రిజిస్ట్రారాఫీసు దగ్గర డాక్యుమెంటు రైటరు చెప్పాడు" అన్నాడు.

మూడు లక్షలు దాటిన వ్యాపార తగాదా అయితే 2018 నుంచి దావాకు ముందు మీడియేషన్‌కు, అంటే మధ్యవర్తి ముందు రాజీ మాటలకు, వెళ్ళి రావాలి. అది వాణిజ్య కోర్టుల చట్టంలో 12ఏ సెక్షన్. కానీ అర్జెంటుగా ఆపాల్సిన పని ఏదైనా ఉంటే మీడియేషన్ అక్కర్లేదని ఆ సెక్షనులోనే ఉంది. ఇంటర్ తప్పిన గుమాస్తాకు ఇది తెలుసు. మేము ఏం చేశాం? పుస్తకం చూశాం. చేతులు కట్టుకున్న ఫొటోలు చూశాం. 18 లక్షల వ్యవహారం, ఊరి ప్లీడరు సరిపోడు అనుకున్నాం. హైదరాబాదుకు ఫోన్ చేశాం.

వాళ్ళు మీడియేషన్‌కు వెళ్ళారు. కొనుగోలుదారు రాలేదు. రాడు కదా, రిజిస్ట్రారాఫీసులో బిజీగా ఉన్నాడు. మళ్ళీ నోటీసు, మళ్ళీ రాలేదు. నాలుగు నెలల తర్వాత 'నాన్ స్టార్టర్', అంటే అసలు మొదలే కాలేదు అని రిపోర్టు వచ్చింది. మా మోపెడ్ గురించి మెకానిక్కు కూడా అదే చెప్పాడు, కానీ వాడు మూడు నిమిషాల్లో చెప్పి ఇరవై రూపాయలు తీసుకున్నాడు. ఆ తర్వాత వీళ్ళు 'ఎక్సలెంట్‌గా' అటాచ్‌మెంటు పిటిషన్ వేశారు. అందులో రాసిన ఇల్లు అప్పటికే బామ్మర్దిది.

చెక్కు కేసు వాయిదా ఒకటి చెప్పాలి. అది చెప్పకపోతే నాకు అన్నం సయించదు. మే నెల, నెల్లూరు ఎండ. ముందు రాత్రి సింహపురి ఎక్స్‌ప్రెస్ ఎక్కి పొద్దున్నే ముగ్గురు లాయర్లు దిగారు. ప్రిన్సిపల్ అసోసియేట్, సీనియర్ అసోసియేట్, ఉత్త అసోసియేట్. హోటల్ గదులు మా బావ ఖాతాలో. చేపల పులుసు, మలై కాజా కూడా. కింది కోర్టులో గౌను తప్పనిసరి కాదు, అయినా ముగ్గురూ వేసుకొచ్చారు. కోర్టు హాల్లో ఉన్న రెండు ఫ్యాన్లలో ఒకటే తిరుగుతోంది. ముగ్గురూ నల్ల గొడుగుల్లా నిలబడి చెమటలు కారుస్తున్నారు. ఫైలుకు పసుపు, ఆకుపచ్చ, గులాబీ రంగు చీటీలు అంటించి ఉన్నాయి, తిరనాళ్ళ తోరణంలాగా.

బంట్రోతు కేసు పిలిచాడు. ముగ్గురూ ఒక్కసారి వంగారు. "మైలార్డ్!" అన్నారు. మెజిస్ట్రేట్ గారు తన వెనక ఎవరైనా పెద్దవాళ్ళు వచ్చారేమోనని ఒకసారి తిరిగి చూసుకున్నారు.

"ఒరిజినల్ చెక్కు ఉందా?" అని అడిగారు.

పసుపు చీటీ తీశారు. లేదు. గులాబీ చీటీ తీశారు. అది సుప్రీంకోర్టు తీర్పు. ఆకుపచ్చ తీశారు. ఇంకో సుప్రీంకోర్టు తీర్పు. ఉత్త అసోసియేట్ సీనియర్ అసోసియేట్ చెవిలో, సీనియర్ ప్రిన్సిపల్ చెవిలో ఏదో చెప్పారు. చెక్కు హైదరాబాదులో పార్ట్‌నర్ గారి బీరువాలో ఉంది. ఆయన దగ్గర బీరువా తాళం ఉంది. ఆయన ఆ రోజు ఢిల్లీలో ఉన్నారు. మొత్తం విషయాన్ని ప్రిన్సిపల్ అసోసియేట్ గారు నాలుగు నిమిషాల ఇంగ్లీషులో కోర్టువారికి నివేదించారు. క్లుప్తంగా చెప్పాలంటే, వాయిదా కావాలన్నారు.

అవతలి పక్షం ప్లీడరు గారు లేచారు. కోటు నలుపు వెలిసి బూడిద రంగుకు తిరిగింది. ఏ పుస్తకంలోనూ ఆయన ఫొటో లేదు. ఆయన అన్నది ఒకే మాట: "నో అబ్జెక్షన్ సార్." వాయిదా ఇవ్వడం వల్ల లాభం ఎవరికో ఆయనకు తెలుసు. ముగ్గురూ మళ్ళీ వంగి, "మచ్ ఆబ్లైజ్డ్, మైలార్డ్!" అన్నారు. బయటికొచ్చి చెట్టు కింద సెల్ఫీ తీసుకున్నారు. బిల్లులో 'నెల్లూరు న్యాయస్థానంలో ప్రాతినిధ్యం, ముగ్గురు న్యాయవాదులు' అని పడింది.

చెక్కు కేసు ఆరు నెలల్లో ముగించడానికి ప్రయత్నించాలని చట్టంలో ఉంది. దావాలో ఒక పక్షానికి మూడు వాయిదాలు మించకూడదని సివిల్ ప్రొసీజర్ కోడ్‌లో ఉంది. అడిగితే చెక్కు మొత్తంలో 20 శాతం దాకా కేసు తేలకముందే ఇప్పించే వీలు 2018 నుంచి ఉంది. అడగాలి కదా! ఒక్కడు అడగలేదు. మూడేళ్ళు గడిచాక గుమాస్తా చెబితే మాకు తెలిసింది. ఆ 20 శాతం అంటే 3 లక్షల 60 వేలు. ఆ డబ్బు ఆ ఏడు చేతికొచ్చి ఉంటే మేత కొట్టువాడి బాకీ తీరేది, మా అక్క మెడలో తాడు మిగిలేది. గుంటలు అమ్ముకుని ఆ మనిషి తను తవ్వించిన కట్ట మీదే ఇంకొకడి దగ్గర వాచ్‌మన్‌గా రాత్రి కాపలా కాసే పని ఉండేది కాదు. పుస్తకంలో ముప్ఫై రెండు పేజీలు ఉన్నాయి. ఎవరు ఏ విదేశంలో చదివారు, ఏ సదస్సులో మాట్లాడారు, తీరిక వేళల్లో ఏ కొండలు ఎక్కుతారు, అన్నీ ఉన్నాయి. ఎంతమంది క్లయింట్ల చేతిలో డబ్బు పడింది అన్న ఒక్క లైను లేదు. సిగ్గులేని పుస్తకం! మా ఊరి కల్లాల్లో కాటా వేసేవాడు కూడా చివరికి ఎన్ని బస్తాలో చెప్పి కూలి తీసుకుంటాడు.

డిక్రీ, అంటే గెలిచిన తీర్పు, చేతికొచ్చాకే కక్షిదారుడి కష్టాలు మొదలవుతాయని తెల్లదొరల కాలంలో అన్నిటికన్నా పై కోర్టైన ప్రివీ కౌన్సిల్ 1872లోనే అంది. మాకు అంత దూరం పోయే అదృష్టం కూడా పట్టలేదు. దావా నడుస్తుండగానే కొనుగోలుదారు పెట్టేశాడు, మా బావ మొదటి రోజే భయపడ్డ ఐపీ. అప్పులవాళ్ళ పట్టికలో మా బావది ముప్ఫై ఏడో పేరు. ఇంటిపేరు కూడా తప్పు.

ఆ 1872లోనే మన వినోదరాయునిపాలెంలో టంగుటూరి ప్రకాశం పుట్టారు. సెకండ్ గ్రేడ్ ప్లీడరుగా మొదలుపెట్టి, లండన్ వెళ్ళి బారిస్టరై, మద్రాసులో దండిగా సంపాదించి, 1921లో ప్రాక్టీసు వదిలేసి, సంపాదించిందంతా పత్రికకూ ఉద్యమానికీ పెట్టేసిన మనిషి. ఒక జిల్లాకు లాయరు పేరు పెట్టుకున్న జనం మనం. ఈ సంస్థలో ఆయనకు ఒక పేజీ ఇస్తే ఏం రాసేవాళ్ళో ఊహించాను. '1928, సైమన్ కమిషన్: తుపాకుల ముందు ఛాతీ చూపించి వివాద పరిష్కారం. నైపుణ్యం: ప్రభుత్వ రంగ సంప్రదింపులు.' చేతులు కట్టుకోమంటే మాత్రం ఆయన ఒప్పుకునేవారు కాదనుకుంటా.

గుమాస్తాకు కూడా ఒక పేజీ రాసి పెట్టాను, వేసేవాళ్ళుంటే ఇస్తాను. చదువు: ఇంటర్ ఫెయిల్. అనుభవం: 38 ఏళ్ళు, ఒక్కడిదే, ఎవరితోనూ కలపనిది. నైపుణ్యాలు: ఏ గడువు ఏ రోజుతో తీరుతుందో పంచాంగం లేకుండా చెప్పడం, నకలు ఏ బల్ల మీద ఆగిందో వాసన పట్టడం, ఎవరు ఎవరికి ఇల్లు రాస్తున్నారో రిజిస్ట్రేషన్ కాకముందే వినడం. ఫొటో: సంచి చంకలో పెట్టుకుని సైకిల్ తొక్కుతూ. చేతులు ఖాళీ లేవు.

పోయిన నెల కొత్త పుస్తకం వచ్చింది. మళ్ళీ కొరియర్, మళ్ళీ సంతకం, మళ్ళీ 'ఇది ప్రకటన కాదు'. కాగితం ఇంకా నున్నగా ఉంది. ఇప్పుడు ఉమ్మడి అనుభవం 126 సంవత్సరాలు. ప్రిన్సిపల్ అసోసియేట్ గారు పార్ట్‌నర్ అయ్యారు. ఆయన ఫొటో పక్కన నైపుణ్యాల్లో కొత్త లైను చేరింది: 'ఆక్వా రంగ వివాదాలు, కోస్తా జిల్లాల కోర్టుల్లో విశేష అనుభవం.'

బావకు చదివి వినిపించాను. ఆయన డ్యూటీకి బయల్దేరుతూ టార్చిలైటులో బ్యాటరీలు మారుస్తున్నాడు.

"విశేష అనుభవం అంటే మన కేసేనా అబ్బయా?"

"మనదే బావా."

"ఫీజు ఇంకా నలభై వేలు బాకీ అని నిన్ననే మెసేజ్ పెట్టారే" అన్నాడు.