నంబర్లన్నీ కలిస్తే అనుమానించాల్సిన రివాల్వర్

పాత తుపాకులు సేకరించేవాళ్లు మొదట చూసేది నంబర్లే. మిగతావన్నీ బిగించే ఫ్రేమ్, ట్రిగ్గర్ గార్డ్, పిడి వెనకపట్టీ, బ్యారెల్ అనే గొట్టం, తూటాలు పట్టే సిలిండర్, అన్నిటి మీదా ఒకే నంబరు ఉంటే ధర ఎగబాకుతుంది. చాలా తుపాకుల విషయంలో ఇది సరైన లెక్కే. 'ఆర్టిలరీ మోడల్' అని పిలిచే కోల్ట్ సింగిల్ యాక్షన్ రివాల్వర్ దగ్గర మాత్రం ఈ లెక్క తలకిందులవుతుంది. అక్కడ నంబర్లన్నీ చక్కగా కలిశాయంటే పర్సు బయటికి తీయకుండా ఓ నిమిషం ఆగాలి.

అమెరికా సైన్యం 1873లో ఈ రివాల్వర్‌ని ఎంచుకుంది. 1891 దాకా సుమారు 37 వేలు కొంది. వాటి బ్యారెల్ పొడవు 7½ అంగుళాలు. 1895 నుంచి 1903 మధ్య వాటిలో వేల తుపాకులను వెనక్కి తెప్పించి, విప్పి, బ్యారెల్ ముందు వైపు రెండంగుళాలు కోసి, 5½ అంగుళాలకు కుదించి మళ్లీ బిగించారు. మొదట్లో కొద్దిపాటి తుపాకులకు నంబర్లు చెదరకుండా చూశారు గానీ, ఆ తర్వాత ఎవరూ పట్టించుకోలేదు. గుడి బయట చెప్పుల్లా భాగాలన్నీ కలిసిపోయాయి. అందుకే అసలైన ఆర్టిలరీ మోడల్‌లో ఫ్రేమ్‌ది ఒక నంబరు, బ్యారెల్‌ది ఇంకొకటి, సిలిండర్‌ది మరొకటి. దాన్ని 'బాగుచేయాలని' పాత నంబర్లు చెరిపి కొత్తవి కొట్టినవాడు, నిజమైన వస్తువును పాడుచేసి దొంగ వస్తువు తయారుచేశాడన్నమాట.

అసలు ఈ నంబర్లు సేకర్తల కోసం వేసినవి కావు. ఏ భాగాన్ని ఏ తుపాకీకైనా బిగించవచ్చని శామ్యూల్ కోల్ట్ గొప్పగా చెప్పుకున్నా, అతని ఫ్యాక్టరీలో కూడా పనివాళ్లు ఆకురాయితో రుద్ది ఒక్కో భాగాన్ని దాని జతకు సరిపెట్టేవాళ్లు. అలా సరిపెట్టినవి విప్పి, పాలిష్ చేసి, రంగు వేశాక మళ్లీ సొంత ఫ్రేమ్‌కే చేరాలి. నంబరు అందుకు.

ఇక కాగితాల సంగతి. ఫలానా నంబరు తుపాకీ ఎప్పుడు, ఎవరికి, ఎంత పొడవు బ్యారెల్‌తో వెళ్లిందో పాత రిజిస్టర్లు చూసి కోల్ట్ కంపెనీ ఇప్పటికీ ఫీజు తీసుకుని ఉత్తరం ఇస్తుంది. విలువైన ఉత్తరమే. కానీ అది నంబరు గురించి చెబుతుంది, మీ ఎదుట ఉన్న ఇనుము గురించి కాదు. పాస్‌బుక్‌లో రెండెకరాలు రాసి ఉన్నా, సర్వేయర్ వచ్చి గొలుసు లాగాకే కదా గట్టు ఎక్కడుందో తేలేది. తుపాకీకి ఆ గొలుసు మైక్రోమీటర్.

మనలో ఇంటర్ ఫిజిక్స్ చదివిన వాళ్లకి ఇది స్క్రూ గేజ్‌గా పాత పరిచయమే. తీగ మందం కొలవడం, 0.01 మిల్లీమీటరు దాకా చదవడం, జీరో ఎర్రర్ తీసేయడం. రావాల్సిన జవాబు ముందే కనుక్కుని రీడింగులు వెనక నుంచి రాసుకున్న బ్యాచ్‌లో నేనూ ఉన్నాను. తుపాకీ మీద మనసు పడ్డ కొనుగోలుదారు చేసేదీ అదే, కాకపోతే అతనికి పోయేది మార్కులు కాదు.

ఇక్కడ కొలత పనికొచ్చేది ఒక చిన్న కారణం వల్ల. ఉక్కుని తీసేయడం తేలిక, తిరిగి పెట్టడం కష్టం. ఫ్రేమ్ అడుగున ఉన్న నంబరు చెరపాలంటే, ఆ అంకెలు ఎంత లోతు దిగాయో అంత లోతు లోహాన్ని రుద్దేయాలి. వేలితో తడిమితే తెలియదు. కానీ నంబరుకు కాస్త ముందు, సరిగ్గా నంబరు దగ్గర, కాస్త వెనక, ఇలా మూడు చోట్ల మందం కొలిస్తే మధ్యలో గుంట బయటపడుతుంది. తేడా మిల్లీమీటరులో పదో వంతో, రెండు పదో వంతులో ఉండొచ్చు. ఆ గుంట తెలియకుండా చుట్టూ కూడా రుద్దేస్తే ఫ్రేమ్ పక్కలు పలచబడతాయి, స్క్రూ రంధ్రాల అంచులు పళ్లెంలా వాలిపోతాయి, స్క్రూ తలలు పైకి పొడుచుకొస్తాయి. ఇందులో నాకు నచ్చిందేమిటంటే, దీనికి అసలు కొలతల పట్టిక కూడా అక్కర్లేదు. ఎడమ పక్కను కుడి పక్కతో, ముందు భాగాన్ని వెనక భాగంతో, అంటే తుపాకీని దానితోనే పోలిస్తే చాలు.

పలచబడిన ప్రతి తుపాకీ దొంగది కాదు, అది కూడా ఒప్పుకోవాలి. సైనికులు ఏళ్ల తరబడి తోమి తోమి అరగదీసినవి ఉంటాయి, ఫ్యాక్టరీయే మళ్లీ పాలిష్ చేసినవీ ఉంటాయి. ఆ అరుగుదల తుపాకీ అంతటా పరుచుకుని ఉంటుంది. నంబరు దగ్గర, సైన్యం వేసే 'యూఎస్' ముద్ర దగ్గర మాత్రమే పోగైతే అప్పుడు అడగాలి. వెల్డింగ్‌తో లోహం నింపి మళ్లీ కొలతకు తెచ్చే ఘనులూ ఉన్నారు. వాళ్ల దగ్గర మైక్రోమీటర్ చేతులెత్తేస్తుంది. అప్పుడిక ఎక్స్-రేతో ఉక్కు మిశ్రమం చూడాలి, లేదా ఆసిడ్ పూసి అడుగున నలిగిన పాత అంకెల జాడ పైకి తేవాలి.

1847 నాటి కోల్ట్ వాకర్ అనే రివాల్వర్ కథ వేరు. మొత్తం చేసినవే సుమారు 1,100. పేటెర్సన్‌లో పెట్టిన మొదటి కంపెనీ అప్పటికే మూతపడి కోల్ట్‌కి సొంత ఫ్యాక్టరీ లేదు. కనెక్టికట్‌లో ఎలై విట్నీ జూనియర్ కార్ఖానాలో చేయించాడు. రెండు కిలోలకు పైగా బరువు, తొమ్మిదంగుళాల బ్యారెల్. తుపాకీ మందు ఎక్కువ పట్టడంతో చాలావాటి సిలిండర్లు పేలాయి, మిగిలినవి తక్కువ. 2018లో అమెరికాలో ఒక వాకర్ వేలంలో 18.4 లక్షల డాలర్లు పలికింది. దాని తర్వాత వచ్చిన కోల్ట్ రివాల్వర్ డ్రగూన్ చూడ్డానికి తమ్ముడిలా ఉంటుంది, ధర అందులో చిన్న వంతు. తమ్ముడికి అన్న చొక్కా తొడిగే ప్రయత్నాలకు అంతకన్నా కారణం కావాలా? కానీ వాకర్ సిలిండర్ పొడవు 2 7/16 అంగుళాలు, డ్రగూన్‌ది 2 3/16. పావు అంగుళం తేడా. దీనికి మైక్రోమీటర్ కూడా దండగ, స్కూలు స్కేలు చాలు.

జర్మన్ లూగర్ పిస్తోలులో ఫ్యాక్టరీయే సాక్ష్యం రాసిపెట్టింది. బ్యారెల్ అడుగున '8,82' లాంటి అంకె కనిపిస్తుంది. అది గొట్టం లోపలి వ్యాసం, మిల్లీమీటర్లలో, వందో వంతు దాకా. కాల్చేకొద్దీ గొట్టం అరిగి వెడల్పవుతుంది గానీ ఇరుకవదు. మసి శుభ్రంగా తుడిచాక కూడా లోపలి కొలత ముద్ర కన్నా తగ్గిందంటే బ్యారెలో, ముద్రో, రెండిట్లో ఒకటి అబద్ధం. ఎక్కువ వస్తే మాత్రం ఏమీ తేలదు. బాగా వాడిన అసలు బ్యారెల్ కావచ్చు, కాకపోవచ్చు. కొలతల సాక్ష్యమంతా దాదాపు ఇలాంటిదే. 'కాదు' అని గట్టిగా చెబుతుంది, 'అవును' అని చెప్పమంటే నసుగుతుంది.

అమెరికా బందిపోటు బిల్లీ ద కిడ్‌ని 1881లో షెరిఫ్ ప్యాట్ గారెట్ కాల్చిన కోల్ట్ రివాల్వర్ 2021లో 60 లక్షల డాలర్లు దాటి అమ్ముడుపోయింది. ఆ డబ్బంతా కథకు, ఆ కథను నిలబెట్టిన కాగితాలకు. అందులో తప్పు లేదు. నా అభ్యంతరం మామూలు వేలం కేటలాగుల మీద. వాటిలో ఏ దళం, ఏ యుద్ధం, ఏ కుటుంబం అని పేరాలకు పేరాలు ఉంటాయి. కొలతల దగ్గరికి వచ్చేసరికి తరచు బ్యారెల్ పొడవు ఒక్కటే. నంబరు దగ్గర ఫ్రేమ్ మందం, దానికి అటూ ఇటూ మందం, సిలిండర్ పొడవు, గొట్టం లోపలి వ్యాసం కూడా వేస్తే ఇంకో రెండు వరుసలు పడతాయి. కొలవడానికి పట్టేది పది నిమిషాలు. వేలానికి ముందు వస్తువును చూడనిచ్చే రోజు ఒకటి ఉంటుంది కాబట్టి, అచ్చు వేయకపోతే కొనేవాళ్లే కొలిచే పరికరం కాలిపర్ సొంతది జేబులో వేసుకుని వెళ్లి, కొలవనిస్తారా అని అడగొచ్చు.