సవరణ: ఐస్ డాన్సింగ్‌లో పడిపోతే పోయే పాయింట్లు

ఐస్ డాన్సింగ్ (మంచు మీద స్కేట్లతో జంటగా చేసే నృత్య పోటీ) మీద నేను రాసిన గత పోస్టులో రెండు తప్పులు ఉన్నాయి. జంటలో ఒకరు పడినా, ఇద్దరూ పడినా ఒక్క పాయింటే పోతుందని రాశాను. నల్లగొండలో రోలర్ స్కేటింగ్ నేర్చుకుంటున్న మా మేనకోడలు అది చదివి, "ఇద్దరు పడ్డా ఒక్కటేనా మామా?" అని అడిగింది. మళ్లీ చూశాను. ఒకరు పడితే 1, ఇద్దరూ పడితే 2 పాయింట్లు తీసేస్తారు.

అసలు దెబ్బ అంతటితో ఆగదు. లిఫ్ట్ (ఒకరు మరొకరిని ఎత్తే విన్యాసం) మధ్యలో పడితే ఆ లిఫ్ట్ నాణ్యతకు ఇచ్చే మార్కు కూడా మైనస్‌లోకి పోతుంది. 2018-19 సీజన్ నుంచి ఆ మార్కు మునుపటిలా -3 దాకా కాదు, -5 దాకా వెళ్లొచ్చు.

రెండోది, ఇటలీ జంట ఫుజార్ పోలి, మార్గాలియో పడిపోయి మొదటి స్థానం పోగొట్టుకున్నది 2002లో అని రాశాను. అది 2006 టురిన్ ఒలింపిక్స్‌లో. 2002లో మార్గాలియో పడినా, జడ్జీలు 6కి మార్కులు వేసే పాత 6.0 పద్ధతిలో వాళ్లకు కాంస్యం వచ్చింది. ఏళ్ల తరబడి కష్టపడిన వాళ్ల గురించి తప్పు రాసినందుకు నిజంగా బాధగా ఉంది. పాత పోస్టులో కూడా సరిచేశాను.