మేడమీదివారి పూలతివాచీ

పూలను చూసి ఆనందించడానికి కళ్ళుంటే చాలునని మనలో చాలామందికి ఒక అపోహ ఉంది. కళ్ళతోపాటు మేడ కూడా ఉండాలని బెల్జియం రాజధాని బ్రస్సెల్స్ నగరం 1971 నుంచి ఓపికగా బోధిస్తూ వస్తున్నది. ఆ నగరం నడిబొడ్డున గ్రాండ్ ప్లాస్ అనే పాత చౌకు ఉంది. 1986 నుంచి రెండేళ్ళకొకసారి, సరిసంఖ్య వచ్చే ఏడాదుల్లో, ఆగస్టు నడుమ అక్కడ సుమారు 75 మీటర్ల పొడవు, 24 మీటర్ల వెడల్పున పూలతివాచీ పరుస్తారు. దానిని చూడటానికి లోకం నలుమూలల నుంచి వచ్చే జనం, చూడకుండానే ఎంతో తృప్తిగా తిరిగి వెళ్ళిపోతారు. ఈ ఏర్పాటును విమర్శించడం నా ఉద్దేశం కాదు. అందులోని పాలనాదక్షత మన పెద్దల దృష్టికి రాకుండా పోతుందేమోనన్న బెంగతోనే ఈ నాలుగు మాటలూ రాస్తున్నాను.

నేలమీద బల్లపరుపుగా పరచిన బొమ్మ, దాని అంచున నిలబడ్డవాడికి బొమ్మగా కనిపించదు, రంగు గీతలుగా కనిపిస్తుంది. ఇది రేఖాగణితం గనుక నిర్వాహకులను తప్పుపట్టలేము. బెల్జియానికి టర్కీ కార్మికుల వలసకు యాభై ఏళ్ళు నిండాయని 2014లో టర్కీ అల్లికల నమూనాను, జపాన్‌తో మైత్రికి 150 ఏళ్ళయిందని 2016లో జపాన్ నమూనాను పరిచారు. కంచె దగ్గర నిలుచున్న సామాన్యుడికి టర్కీ కొన్ని గీతలు, జపాన్ మరికొన్ని గీతలు. దేశాల మధ్య ఇంతటి సమానత్వాన్ని ఐక్యరాజ్యసమితి కూడా ఇప్పటిదాకా సాధించలేకపోయింది.

నేను వెళ్ళినప్పుడు ఆ కంచె కూడా కనిపించలేదు. నా ముందున్న తెలుగు కుటుంబంలో తండ్రి కొడుకును భుజాలమీదికి ఎక్కించుకుని, "ఏం కనబడుతోందిరా?" అని అడిగాడు. "ఇంకో పిల్లాడు నాన్నా, వాళ్ళ నాన్న భుజాలమీద" అని వాడు నిజాయితీగా చెప్పాడు. "అది కాదురా, పూలు?" అంటే, "ఫోన్లో ఉన్నాయి, ఆ ముందు ఆంటీ ఫోన్లో" అన్నాడు. తల్లి వెంటనే, "ఆవిడ తీస్తోంది కదా, మనమూ చేయెత్తి తీద్దాం, ఇంటికెళ్ళి చూసుకోవచ్చు" అని తీర్మానించింది. అక్కడ చేరిన జనమంతా అప్పటికే ఆ తీర్మానానికి వచ్చి ఉన్నారు.

జనం కాస్త కదిలినప్పుడు కంచెదాకా చేరే భాగ్యం నాకూ దక్కింది. అక్కడ ఉన్నది తివాచీ కాదు, బెగోనియా. కాడ లేకుండా తుంచిన పువ్వు, పక్క పువ్వుకు ఊపిరాడనంత దగ్గరగా, చదరపు మీటరుకు సుమారు 300 చొప్పున ఇరికించి ఉంది. గళ్ళ మధ్య పచ్చగడ్డి పట్టీలు. అంచున ఒక పసుపు పువ్వు రేకు ఎండకు గోధుమరంగు తిరిగి ముడుచుకుంటోంది. ఎవరో రాల్చిన బిస్కెట్ ముక్కను ఒక చీమ దాని కిందికి ఈడ్చుకుపోతోంది. నేను గమనించినంతలో ఒక్క పువ్వు కూడా మా వైపు చూడటం లేదు. అన్నింటి ముఖాలూ పైకే, అంటే టౌన్ హాల్ బాల్కనీ వైపే ఉన్నాయి.

ఆ బాల్కనీకి టికెట్ ఉంది. టికెట్ కొని మెట్లెక్కినవారికి గీతలన్నీ కలిసి బొమ్మ అవుతాయి, బొమ్మకు అర్థమూ వస్తుంది. కింద మనం గుంపు; పైనుంచి చూస్తే మనం కూడా తివాచీకి అంచుకట్టు. మేడ దిగివచ్చిన ఒక పెద్దమనిషి, కిందివాళ్ళు ఇంకాస్త వరుసగా నిలబడితే ఫొటో బాగుండేదని బాధపడ్డాడు. తెలంగాణ ఆడబిడ్డలు తంగేడు, గునుగు పూలను నిలువుగా పేర్చి, నడుమ పెట్టుకుని చుట్టూ తిరుగుతారు గనుక వెనక నిలుచున్న ముసలమ్మకు కూడా బతుకమ్మ కనిపిస్తుంది. ఆ పద్ధతిలోని ఘోరమైన లోపం ఏమిటంటే, టికెట్ పెట్టడానికి ఎక్కడా వీలుండదు.

చరిత్ర తెలిసినవారికి ఇందులో వింతేమీ కనిపించదు. తలలు తుంచి జనానికి ప్రదర్శించడం ఆ చౌకుకు కొత్త కాదు. స్పెయిన్ రాజు విధానాలను ఎదిరించిన ఎగ్మాంట్, హోర్న్ ప్రభువుల శిరచ్ఛేదం 1568 జూన్ 5న అక్కడే జరిగింది. 1695లో ఫ్రెంచి సైన్యం నగరం మీద ఫిరంగులు పేల్చినప్పుడు, గురి చూడటానికి ఎంచుకున్న 96 మీటర్ల టౌన్ హాల్ గోపురం నిలిచింది, చుట్టుపక్కల ఇళ్ళు వేలకొద్దీ కాలిపోయాయి. ఎత్తున ఉన్నవారికి ఏమీ కాదన్న నియమం అప్పటికే స్థిరపడిందన్నమాట. ఆ కాల్పులు కూడా ఆగస్టు 13 నుంచి 15 వరకే జరిగాయి కాబట్టి, పండుగ తేదీల ఎంపికలోనూ సంప్రదాయానికి లోటు రాలేదు.

ఇక పొదుపు సంగతి. బెల్జియంలోనే ఉన్న గెంట్ నగర పరిసరాల్లో బెగోనియాను పండించేది దుంప కోసం. రైతుకు డబ్బు తెచ్చేది మట్టిలో ఉంటుంది, పువ్వు పొలం గట్టున పారేయవలసిన సరుకు. దానిని చౌకులో పరిచి ప్రపంచాన్ని రప్పించవచ్చునని కనిపెట్టిన ఉద్యానశిల్పి ఎటియెన్ స్టౌట్‌మాన్స్ ఆర్థికవేత్త కాకపోవడం ఆ శాస్త్రానికి తీరని నష్టం. ఆ పూలను పేర్చడానికి వందమందికి పైగా స్వచ్ఛందంగా వచ్చి, రాళ్ళు పరచిన నేలమీద మోకాళ్ళూని, కొన్ని గంటల్లో పని ముగిస్తారు. ముక్కుకు అంత దగ్గరగా పువ్వును పెట్టుకున్నవాడికి బొమ్మ అసలే కనిపించదు. కనుక కష్టపడ్డవారికి అందరికంటే తక్కువ కనిపించాలన్న సూత్రం కూడా చక్కగా పాటించినట్టే.

2022లో స్వర్ణోత్సవానికి 1971 నాటి మొదటి బొమ్మకు నివాళిగా దానిని గుర్తుచేసే నమూనానే పరిచారు. కింద నిలబడ్డవారిలో ఎవరూ ఇది పాతదేనని ఫిర్యాదు చేసినట్టు నేను వినలేదు. ముందువాడి తల అడ్డం రాకుండా తివాచీని తేరిపార చూసే అవకాశం ఇన్నేళ్ళలో ఒక్కసారే వచ్చింది, 2020 ఆగస్టులో. కరోనా భయంతో జనం గుమిగూడకూడదన్నారు గనుక ఆ ఏడాది తివాచీ పరచలేదు.