ఫైల్ కమాండు గారికి, అమలాపురం నుంచి

ఆయ్, నమస్కారమండి. శుభలేఖలు, కరపత్రాలు కొట్టుకుని బతికే డీటీపీ షాపువాణ్ణి. ఏ ఫైలు ఏ రకమో చూసి చెప్పే ప్రోగ్రాము మీరు. 1973 నుంచి యూనిక్స్ అనే కంప్యూటర్ వ్యవస్థ కొలువులో ఉన్నారట, ఇంకా రిటైర్మెంటు లేదు. కడుపు మండి రాస్తున్నాను.

మీ పద్ధతి మాకు కొత్త కాదు. కోనసీమలో కొత్త మనిషి అరుగెక్కితే రెండే ప్రశ్నలు: "ఏ ఊరండి? ఎవరి తాలూకండి?" మనిషేంటో తేలిపోతుంది. మీరూ అంతే. ఫైలు పేరుకి చివర ఏ తోక తగిలించినా లెక్కచేయరు. ఫైలు లోపల మొదట్లో శాతం గుర్తు, దాని పక్కన పీడీఎఫ్ అనే అక్షరాలు ఉంటేనే పీడీఎఫ్ అని ఒప్పుకుంటారు. అలాంటి గుర్తులకు మీరు మ్యాజిక్ అని పేరు పెట్టుకున్నారు. మావాళ్లు ఇంటిపేరంటారు.

మొన్న ఒకాయన పాత పెన్‌డ్రైవ్ తెచ్చాడు. అందులో వాళ్ల తాతగారి షష్టిపూర్తి శుభలేఖ ఉందట, చెల్లెలి పెళ్లికి ఆ పద్యమే కావాలట. తెరిస్తే అంతా గజిబిజి. మిమ్మల్ని అడిగితే "నాన్ ఐఎస్‌ఓ ఎక్స్‌టెండెడ్ ఆస్కీ టెక్స్ట్" అన్నారు, అంటే ఏవో తెలియని కోడ్లున్న టెక్స్ట్ అని. అబ్బాయి ఏం చేస్తాడండీ అంటే "కలెక్టరు కాదండి" అన్నట్టుంది! సరే, తప్పు మాదే లెండి. ఆ రోజుల్లో మేం తెలుగు టైపు చేశామా? ఇంగ్లీషు కోడ్లకే తెలుగు బొమ్మల చొక్కా తొడిగాం. ఫాంటు పోయింది, చొక్కా ఊడింది.

రాత్రంతా కూర్చుని, ఏ భాష అక్షరాలకు ఆ కోడ్లిచ్చే యూనికోడ్‌లో మళ్లీ కొట్టాను. చూసి "యూటీఎఫ్-8 టెక్స్ట్" అన్నారు. తెలుగని మాత్రం నోరు రాలేదు. తమిళం ఇచ్చినా ఇదే మాట. ధవళేశ్వరంలో నిలబెట్టి గోదావరిని చూపిస్తే "తడిగా ఉందండి" అంటారు కాబోలు.

మీ పక్కింటి డబ్ల్యూసీ గారు, అదే ఫైల్లో పదాలూ అక్షరాలూ లెక్కపెట్టే కమాండు, ఇంకో ఘనుడు. "గోదావరి" నాలుగక్షరాలు కదా, క్యారెక్టర్లు ఏడన్నారు, బైట్లు ఇరవై ఒకటన్నారు. ఓత్వానికి, దీర్ఘానికి, గుడికి విడివిడిగా హాజరు వేస్తారు. నిజం చెప్పొద్దూ, బిల్లు వేసేటప్పుడు ఈ లెక్క నాకు నచ్చింది.

మీ మంగళవారం భాగోతం కూడా తెలుసు. 2008 ప్రాంతంలో ఉబుంటు అనే ఆపరేటింగ్ సిస్టంలో కొందరికి మంగళవారం మాత్రం ప్రింట్లు రాలేదు. ప్రింటుకెళ్లే ఫైల్లో తేదీ దగ్గర 'Tue' (ట్యూ) అన్న మూడు ఇంగ్లీషు అక్షరాలు కనబడగానే ఎర్లాంగ్ అనే కంప్యూటర్ భాషలో ప్రోగ్రామని తేల్చేశారు! మంగళవారం పని మొదలెట్టకురా అని మా అమ్మ అంటే వాదించేవాణ్ణి. ఇది చదివాక మానేశాను.

ఆ తప్పు ఎప్పుడో దిద్దారంటున్నారు. పెళ్లివారు మాత్రం రేపే ప్రింటు కావాలని కూర్చున్నారు. ఇవాళ సోమవారమండి.

ఇట్లు,
టెన్షన్‌లో ఉన్న డీటీపీవాడు